పూతరేకుల కొట్టుకి వెబ్‌సైట్: వర్డ్‌ప్రెస్సా, బిల్డరా, ఒక్క పేజీయా? ఏది మేలు?

ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే అక్క ఒకామె పోయినేడు దసరాకి ముందు నాకు ఫోన్ చేసింది. "తమ్ముడూ, వెబ్‌సైట్ పెట్టిద్దామనుకుంటున్నాం. ఒకాయన నలభై వేలంటున్నాడు. ఇంకొకాయన పైసా ఖర్చు లేకుండా గంటలో అయిపోద్దంటున్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలీట్లేదు, ఒకటే టెన్షన్‌గా ఉంది" అంది.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ వేరు వేరు సరుకుల గురించి మాట్లాడుతున్నారు. చిన్న వ్యాపారాలకు సైట్లు చేసిపెట్టడం నా రోజువారీ పని, ఈ ప్రశ్న తరచూ వస్తూనే ఉంటుంది. నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒకటే: సైట్‌లో రాసింది ఎన్నాళ్ళకోసారి మారుతుంది, మార్చేది ఎవరు?

అక్క కాసేపు ఆలోచించింది. "నెయ్యి రేటు పెరిగితే మా రేటూ పెంచాలి కదా. ఏడాదికి రెండు మూడుసార్లు మారుద్ది. మార్చాలంటే మావాడే. డిగ్రీ చదువుతున్నాడు. కంప్యూటర్ లేదు, ఫోనే" అంది. ఆ జవాబుతో సగం నిర్ణయం అయిపోయింది.

అసలు సైట్ అవసరమా అని అడిగేవాళ్ళూ ఉంటారు. వాట్సాప్ కేటలాగు ఉంది, ఇన్‌స్టాగ్రామ్ ఉంది, చాలదా? మీ దగ్గర కొనేవాళ్ళంతా మిమ్మల్ని ఎరిగినవాళ్ళే అయితే చాలు. గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు పేరు, ఫోన్ నెంబరు, తెరిచే వేళలు మాత్రం ముందు పెట్టుకోండి, అది ఉచితం. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మ్యాప్స్‌లో కనబడే ఆ వివరాల పేజీతో (గూగుల్ బిజినెస్ ప్రొఫైల్) పాటే ఒకప్పుడు చిన్న వెబ్‌సైట్ కూడా ఉచితంగా ఇచ్చేవారు. 2024 మార్చిలో దాన్ని ఆపేశారు. కొన్నాళ్ళపాటు పాత అడ్రస్ కొడితే ప్రొఫైల్‌కి తీసుకెళ్ళింది, తర్వాత అదీ లేదు. ఆ అడ్రస్‌ని స్వీటు పెట్టెల మీద అచ్చు వేయించుకున్నవాళ్ళ సంగతి ఆలోచించండి. అందుకే సైట్ ఎలా చేయించినా, అడ్రస్ మాత్రం సొంతది కావాలని నేను పట్టుబడతాను. డాట్ ఇన్ పేరు ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది.

ఇక అసలు పోలికకి వద్దాం.

వర్డ్‌ప్రెస్ అంటే వెబ్‌సైట్లు కట్టి నడిపే సాఫ్ట్‌వేర్, 2003లో మొదలైంది. ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో ఇంచుమించు నూటికి నలభై దాని మీదే నడుస్తున్నాయి. నలభై వేలన్నాయన చెప్పింది ఇదే. సాఫ్ట్‌వేర్ ఉచితం, సైట్‌ని ఉంచే హోస్టింగ్‌కి, అంటే ఇంటర్నెట్‌లో చోటుకి, డబ్బు కట్టాలి. (వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ వేరు. మొదటిది వాళ్ళే నడిపిపెట్టే సేవ. రెండోచోట సాఫ్ట్‌వేర్ దించుకుని మనమే నడుపుకోవాలి. చాలామంది దీని దగ్గరే తికమకపడతారు.) చేయలేనిది దాదాపు లేదు. రెండు వందల వస్తువులు పెట్టి, కార్ట్ (కొనేవాళ్ళు వస్తువులు వేసుకునే బుట్ట) పెట్టి, ఆన్‌లైన్లో డబ్బు తీసుకోవాలంటే ఊకామర్స్ అనే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే అదనపు సాఫ్ట్‌వేర్) ఉంది. వారానికో వ్యాసం రాసేవాళ్ళకి, నలుగురు కలిసి ఒకే సైట్ నడిపేవాళ్ళకి నేను ఇప్పటికీ దీన్నే చెబుతాను.

కానీ దానికి పోషణ కావాలి. ఆ మాట ఎవరూ ముందు చెప్పరు.

ఒక పచ్చళ్ళ వ్యాపారి సైట్ చూడమని నన్ను పిలిచారు. ఆయన ఫోన్లో సైట్ బాగానే తెరుచుకుంటోంది. ఆవకాయ, గోంగూర, అన్నీ ఉన్నాయి. "గూగుల్లో మా పేరు కొట్టి చూడండి" అన్నారు. చూస్తే ఆయన కొట్టు పేరు కింద వరసగా జపనీస్ అక్షరాలు! ఎక్కడివో బ్రాండెడ్ సరుకుల ప్రకటనలు. ఇది చాలా పాత రకం దాడి. చొరబడినవాడు సైట్‌లో వేల దొంగ పేజీలు పెడతాడు, వాటిని గూగుల్‌కి మాత్రమే చూపించి, మామూలుగా వచ్చినవాళ్ళకి మామూలు సైటే చూపిస్తాడు. అందుకే యజమానికి నెలల తరబడి తెలియదు. కారణం వెతికితే, డబ్బు కట్టాల్సిన థీమ్‌ని (సైట్ రూపురేఖల మూసని) ఎవరో దొంగ కాపీ తెచ్చి పెట్టారు. దాని మీద రెండేళ్ళుగా ఒక్క ప్లగిన్ కూడా అప్‌డేట్ చేయలేదు. శుభ్రం చేయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఫైళ్ళన్నీ తీసేసి కొత్తవి పెట్టాను, తెలియని అడ్మిన్ ఖాతాలు తీసేశాను. సైట్ గూగుల్లో ఎలా కనబడుతోందో యజమానికి చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చూస్తే అక్కడ కూడా ఎవడో తనను తాను యజమానిగా చేర్చుకుని ఉన్నాడు, వాణ్ణీ తీసేశాను. ఆ మూడు రోజులూ ఆ పెద్దాయన ముఖం చూడలేకపోయాను. ఆయన తప్పేమీ లేదు. అప్‌డేట్ అనేది ఒకటి ఉంటుందని ఆయనకి చెప్పినవాళ్ళు లేరు, అంతే.

కాబట్టి వర్డ్‌ప్రెస్ తీసుకుంటే మూడు పనులకు మనిషిని ముందే మాట్లాడుకోండి: అప్‌డేట్లు, సైట్ బయట దాచే బ్యాకప్, నెలకోసారి సైట్‌ని చూసిపెట్టడం. 2020 నుంచి ప్లగిన్లను వాటంతటవే అప్‌డేట్ అయ్యేలా పెట్టుకునే వీలుంది, దాన్ని ఆన్ చేయించండి. ప్లగిన్లు ఎన్ని తక్కువుంటే అంత నిశ్చింత. హోస్టింగ్ ధర అడిగేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర అడగండి. ఆఫర్ ధరకీ దానికీ రెండు మూడు రెట్ల తేడా ఉండడం మామూలే. మూడేళ్ళకు ఎంతవుతుందో లెక్క కట్టి పోల్చుకోవాలి.

విక్స్ లాంటి బిల్డర్ల, అంటే కోడ్ రాయకుండా సైట్ కట్టుకునే సేవల, సంగతి వేరు. అప్‌డేట్లు, భద్రత వాళ్ళే చూసుకుంటారు. బొమ్మని పట్టుకుని లాగి కావాల్సిన చోట పెట్టుకోవడమే. పక్కన సాయానికి ఎవరూ లేరు, ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఓపిక ఉంది అనుకునేవాళ్ళకి ఇది మంచి దారి. గంటలో అయిపోద్దన్నాయన చెప్పింది ఇదే. అయితే ఉచిత ప్లాన్లో మీ సొంత అడ్రస్ పెట్టుకోనివ్వరు. దానికి అద్దె కట్టాలి, కట్టినన్నాళ్ళే సైట్. ఇంకో చిక్కు, విక్స్‌లో కట్టిన సైట్‌ని అలాగే ఎత్తుకుని వేరేచోట పెట్టుకోలేరు. అద్దె షాపులో గోడకి కట్టించుకున్న అరల్లాంటివి అవి, ఖాళీ చేసేటప్పుడు మన వెంట రావు. రాతలు, ఫొటోలు తెచ్చుకుని మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాల్సిందే.

బ్లాగర్ అనే బ్లాగు సేవ గురించి కూడా అడుగుతుంటారు. 2003లో గూగుల్ కొన్నప్పటి నుంచి ఉచితంగానే నడుస్తోంది, సొంత అడ్రస్ తగిలించుకోవడానికీ డబ్బు తీసుకోరు. కథలు, వ్యాసాలు రాసుకునేవాళ్ళకి హాయిగా సరిపోతుంది. కొట్టుకి మాత్రం తేదీల వారీగా సాగే ఆ రూపం అంతగా నప్పదని నా అభిప్రాయం.

మిగిలింది ఒక్క పేజీ. చేత్తో రాసిన ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు (వెబ్ పేజీ కోడ్), కొన్ని ఫొటోలు. దీని వెనక డేటాబేస్ ఉండదు, సైట్‌లోకి దూరే లాగిన్ ఉండదు. పచ్చళ్ళాయన సైట్‌కి జరిగింది దీనికి జరగడానికి అక్కడ పాతబడే ప్లగిన్ అంటూ లేదు. ఐదేళ్ళు ముట్టుకోకపోయినా అలాగే తెరుచుకుంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అనే హోస్టింగ్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు, సొంత అడ్రస్‌తో, భద్రమైన కనెక్షన్‌తో (https) సహా. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్ వాళ్ళ గిట్‌హబ్ పేజెస్ కూడా ఉచితమే, కానీ దాన్ని ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి వాడకూడదని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. చాలామంది అది చదవకుండా పెట్టేస్తుంటారు. కోడ్ ఫైళ్ళని గిట్‌హబ్‌లో దాచుకుని, సైట్‌ని క్లౌడ్‌ఫ్లేర్ నుంచి చూపిస్తే ఏ ఇబ్బందీ లేదు.

మరి రేటు మార్చాలంటే? అక్క భయం కూడా అదే. "కోడ్ అంటే మావాడు పాడు చేసేస్తాడేమో" అంది. ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. ఫోన్ బ్రౌజర్‌లో గిట్‌హబ్ తెరిచి, ఫైలు మీద నొక్కి, పెన్సిల్ గుర్తు నొక్కాలి. "బెల్లం పూతరేకులు" అన్న మాట వెతికి, దాని పక్కనున్న పాత రేటు చెరిపి కొత్తది కొట్టి సేవ్ చేశాడు. కాసేపటికి సైట్ తెరిస్తే కొత్త రేటు ఉంది. తర్వాత కావాలనే ఒక ముక్క చెరిపించాను, పేజీ సగం చెదిరిపోయింది. అప్పుడు పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళడం నేర్పాను. ఆ రెండోది నేర్చుకున్నాక ఆ కుర్రాడికి భయం పోయింది.

దీనికీ లోటుంది. కార్ట్ ఉండదు. ఆర్డర్ అంటే వాట్సాప్ బటన్ నొక్కి మెసేజ్ పెట్టడం, యూపీఐలో డబ్బు పంపడం. రోజుకి పదీ ఇరవై ఆర్డర్లదాకా అది చాలు. అంతకు మించితే ఏ పార్సెల్ ఎవరిదో రాసుకోలేక సతమతమవుతారు. అప్పుడు కార్ట్ కావాల్సిందే. మొదటిసారి ఆ పేజీని తయారుచేయడానికి తెలిసిన మనిషి కావాలి కూడా. అలాంటి మనిషి దొరకని ఊళ్ళో బిల్డరే మేలు.

ఏది ఎంచుకున్నా రెండు తప్పులు అందరూ చేస్తారు. మొదటిది ఫొటో. అక్క పంపిన ఆరు ఫొటోలూ ఫోన్లో తీసినవే, చాలా బాగున్నాయి. ఒక్కోటి నాలుగు, ఐదు ఎంబీ. అలాగే పెడితే పేజీ పాతిక ఎంబీ దాటుతుంది, సిగ్నల్ సరిగ్గా లేనిచోట తెల్ల తెర తప్ప ఏమీ కనబడదు. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. స్క్వూష్ అనే ఉచిత సైట్‌లో వెడల్పు 1200 పిక్సెళ్ళకి తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో రకంలోకి మార్చాను. ఒక్కోటీ 150 కేబీ లోపుకి వచ్చింది. క్వాలిటీ మరీ తగ్గిస్తే పూతరేకు పొర ముద్దలా కనబడింది. మళ్ళీ 75కి పెంచితే ఆ పల్చదనం, లోపలి నెయ్యి మెరుపు తిరిగొచ్చాయి. ఆ పొర కనబడకపోతే ఇక చూపించేదేముంది?

రెండోది తెలుగు. పెట్టె మీద లేబుల్ వేసిన డీటీపీ షాపువాళ్ళు ఇచ్చిన మ్యాటర్ అను ఫాంట్లలో, అంటే అవి ఉన్న కంప్యూటర్లోనే తెలుగుగా కనబడే పాత రకం ఫాంట్లలో, ఉంది. దాన్ని తెచ్చి పేజీలో పెడితే తెలుగు పోయి ఏవో పిచ్చి గుర్తులు వచ్చాయి. అలాంటప్పుడు చాలామంది ఆ రాతని బొమ్మగా మార్చి పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. బొమ్మలో ఉన్న తెలుగుని కాపీ చేసుకోలేం, చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపించలేదు, వెతికేవాళ్ళకి నమ్మకంగా దొరకదు. ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్పించండి, లేదా ఫోన్లో మళ్ళీ టైపు చేయండి, అక్క సైట్‌కి మేం చేసింది అదే. మామూలు రాతకి ఫోన్లో ఉన్న తెలుగు ఫాంటే చాలు. పేరు అందంగా కనబడాలంటే రామభద్ర, మండలి లాంటి ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, ఒక్కదానితో ఆపండి. వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి పెట్టినంత పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల్ని తాకుతాయి. లైన్ హైట్ (వరస ఎత్తు) అక్షరం సైజుకి 1.7 రెట్లు పెడితే కళ్ళకి సుఖం.

పేజీలో ఏం రాశామంటే, రకాలు, పెట్టెకి ఎన్ని, రేటు, ఎన్నాళ్ళు నిలవ ఉంటాయి, పార్సెల్ ఎక్కడిదాకా పంపుతారు, ఫోన్, మ్యాపు, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నెంబరు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన సంగతి ఒక్క వాక్యం. హోమ్ పేజీలో కదిలే బొమ్మల పట్టీ కావాలని అబ్బాయి అడిగాడు, వద్దన్నాను. రేటు, వాట్సాప్ బటన్ కిందికి జరపకుండానే కనబడాలి.

అడ్రస్ ఎవరి పేరున కొన్నారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఒక టైలరింగ్ షాపు ఆవిడ సైట్ చేసినతను అడ్రస్‌ని తన ఖాతాలో కొన్నాడు, తర్వాత ఫోన్ నెంబరు మార్చేశాడు. గడువు తీరింది, పేరు ఇంకెవరో కొనేసుకున్నారు. ఆవిడ బోర్డు మీద ఆ పేరే ఉంది. అందుకే అక్క కొట్టుకి విడిగా ఒక జీమెయిల్ తెరిచి, రెండంచెల భద్రత పెట్టి, రికవరీ నెంబరుగా అక్క నెంబరే ఇచ్చి, దానితోనే అడ్రస్ కొన్నాం. రెన్యువల్ తేదీని నెయ్యి లెక్క రాసే పుస్తకం మొదటి పేజీలో రాయించాను.

అక్క చివరికి ఒక్క పేజీనే తీసుకుంది. అమెరికాలో ఉన్న కూతురు ఆ లింకుని స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వాళ్ళు రాజమండ్రిలో ఉన్న అమ్మానాన్నలకి పెట్టెలు పంపమని ఆర్డర్లు పెడుతున్నారు. సంక్రాంతికి అబ్బాయి రేటు తనే మార్చాడు, నాకు ఫోన్ కూడా చేయలేదు. వచ్చే దసరాకి ఆర్డర్లు చేతికి మించితే కార్ట్ ఉన్న సైట్‌కి మారదాం అనుకున్నాం. అప్పుడు కూడా పెట్టె మీద అచ్చేసిన అడ్రస్ అదే ఉంటుంది.