ఫీజు కట్టే ముందు టేబుళ్ళు లెక్కపెట్టండి: మసాజ్ థెరపీ కోర్సుల్లో చేరేవాళ్ళకి జాగ్రత్త హెచ్చరిక

స్పా థెరపిస్ట్, పంచకర్మ థెరపిస్ట్, థాయ్ మసాజ్... పేరు ఏదైనా ప్రకటన మాత్రం ఒకే అచ్చు. నలభై ఐదు రోజుల కోర్సు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్, నూరు శాతం ఉద్యోగం, ఆపైన దుబాయ్. పదో తరగతి తప్పినా పర్వాలేదంటారు. డబ్బు కట్టాక జరిగేదీ ఒకే అచ్చు: నేర్పేది పది రోజుల పని, ఇచ్చేది చెల్లని కాగితం, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో, ఫీజు తాలూకు ఈఎంఐ మీ ఖాతాలో. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చేరబోయేవాళ్ళు అడ్వాన్సు చేతికివ్వకముందే కింది సంగతులు చూసుకోండి.

అన్నిటికంటే సులువైన పరీక్ష టేబుళ్ళ లెక్క. చెప్పకుండా, మామూలు పనిరోజున, క్లాసు జరిగే టైముకి వెళ్ళండి. మసాజ్ టేబుళ్ళు ఎన్ని, బ్యాచ్‌లో ఎంతమంది? రెండు టేబుళ్ళు, పద్నాలుగు మంది, రోజుకి మూడు గంటల క్లాసు అనుకుందాం. ఒక్కో టేబుల్ మీద 180 నిమిషాలు, రెండిటికీ కలిపి 360. పద్నాలుగు మందికి పంచితే తలా 26 నిమిషాలు కూడా రావు. పాతిక రోజులు క్లాసు జరిగినా ఒక్కొక్కరి చేతికి దక్కేది పదకొండు గంటల లోపే. ట్రైనర్ చేసి చూపించేది, టవళ్ళు మార్చేది, నూనె తుడిచేది తీసేస్తే అందులో సగం మిగిలితే గొప్ప. అంటే కోర్సు మొత్తం మీద గంటసేపు చేసే ఫుల్ బాడీ మసాజ్ అయిదో ఆరో చేసి "సర్టిఫైడ్" అయిపోతారు. ఇద్దరికో టేబుల్ లేని చోట చేరకండి. ఒకరు చేస్తుంటే ఒకరు పడుకోవాలి. పడుకున్నవాళ్ళూ నేర్చుకుంటారు, ఒత్తిడి ఎక్కడ నొప్పి పుట్టిస్తుందో ఒంటికి తెలిసేది అప్పుడే.

పోలికకి కొన్ని లెక్కలు. కేరళ ప్రభుత్వ ఆయుర్వేద విద్యా విభాగం నడిపే ఆయుర్వేద థెరపిస్ట్ కోర్సు ఏడాది. కేంద్ర ఆయుష్ శాఖ కిందున్న చెరుతురుత్తి పంచకర్మ సంస్థలో టెక్నీషియన్ కోర్సూ ఏడాదే. అమెరికాలో లైసెన్సు కావాలంటే టెక్సాస్‌లో 500 గంటల కోర్సు, న్యూయార్క్‌లో 1,000 గంటలు చదవాలి, ఆపైన పరీక్ష. ఇక్కడి నెలన్నర సర్టిఫికెట్ పట్టుకుని "అమెరికాలోనూ పనికొస్తుంది" అని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసి స్టాంపు వేసి ఇమ్మనండి. ఇవ్వరు.

డెమో క్లాసులో ఏం చూడాలి? విద్యార్థులు ప్యాంటూ చొక్కా మీదే మసాజ్ ప్రాక్టీస్ చేస్తుంటే, అది బట్టల మీదే చేసే థాయ్ మసాజ్ క్లాసు కాకపోతే, లేచి వచ్చేయండి. స్వీడిష్ మసాజ్ అయినా, అభ్యంగం అయినా నూనెతో చర్మం మీద చేసే పని. ఎంత నూనె తీసుకోవాలి, చెయ్యి ఎక్కడ జారుతుంది, ఎక్కడ పట్టేస్తుంది అన్నది బట్టల మీద తెలియదు. టవల్‌తో కప్పి, చేసే భాగం మాత్రమే తీసి, మళ్ళీ కప్పి, అవతలి వైపు తిప్పడం ఒక విద్య. డ్రేపింగ్ అంటారు. కస్టమర్ మర్యాదా, థెరపిస్ట్ భద్రతా రెండూ దాని మీదే నిలబడతాయి. దానికి ఒక పూటైనా కేటాయించని సిలబస్ సిలబస్ కాదు.

శిరోధార, అంటే నుదుటి మీద నూనె ధారగా పోసే చికిత్స, నేర్పుతామన్నచోట ఆ నూనె పోసే ధారపాత్రలోకి తొంగి చూడండి. చాలాచోట్ల అందులో ఉండేది నీళ్ళు. కారణం ఖర్చే: ఒక్కసారి శిరోధారకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నూనె కావాలి. నీళ్ళతో చూపిస్తే పాత్ర ఊపడం వస్తుందేమో, అసలు పని రాదు. నూనె ఒంటి వేడికి కాస్త పైన, 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి. ముప్పావుగంట సాగే పనిలో అది చల్లారుతూనే ఉంటుంది, కింద పట్టిన నూనెని మళ్ళీ వేడి చేసి పైన పోస్తూ ఉండాలి. నుదుటికి ధార నాలుగు వేళ్ళ ఎత్తు నుంచి పడాలి. ఎత్తు పెరిగితే నుదుటి మీద కొట్టినట్టు ఉంటుంది, కళ్ళలోకి చిందుతుంది. నీళ్ళ ధార వేరు, నువ్వుల నూనె ధార వేరు. పాత్ర అడుగు రంధ్రంలోని వత్తి ఎంత లావుంటే ధార తెగకుండా పడుతుందో నూనెతో చేస్తేనే చేతికి వస్తుంది.

ట్రైనర్‌ని ఒక ప్రశ్న అడగండి. "కస్టమర్‌కి ఒక్క కాలి పిక్క మాత్రమే వాచింది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది, నొప్పి అంటున్నారు. ఏం చేస్తాం?" నూనె వేడి చేసి గట్టిగా నొక్కుతాం అని సమాధానం వస్తే ఆ గుమ్మం మళ్ళీ తొక్కకండి. అది కాలి లోపలి రక్తనాళంలో గడ్డ కట్టిన లక్షణం కావచ్చు. నొక్కితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ కస్టమర్‌ని ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి పంపాలి. ఎవరికి చేయకూడదు, ఎక్కడ నొక్కకూడదు అన్న పాఠమే ఈ వృత్తికి పునాది: జ్వరం, చర్మవ్యాధి, కొత్తగా విరిగిన ఎముక, అదుపులో లేని బీపీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు; మెడ ముందు భాగం, మోకాలి వెనక గుంట, చంక. షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి ఒంటి మీద పెట్టే వేడి రాయి (హాట్ స్టోన్) కాలుతున్నా తెలియదు, చెప్పరు, బొబ్బ లేచాకే బయటపడుతుంది. బాదం నూనె వాడేముందు అలర్జీ అడగాలి. ఈ పాఠాలకి పుస్తకం ఉందా, పరీక్ష ఉందా? యూట్యూబ్ వీడియో టీవీకి కలిపి ట్రైనర్ టీకి వెళ్ళే క్లాసులు కూడా ఉన్నాయి మరి.

రెండో ప్రశ్న మీ ఒంటి గురించి. రోజుకి అయిదారు మసాజ్‌లు చేసే థెరపిస్ట్‌కి ముందు పోయేది బొటనవేలి కీలు. బొటనవేలితో ఎంతసేపు, మోచేతితో, ముంజేతితో ఎంతసేపు, టేబుల్ ఎత్తు ఎంత ఉండాలి అన్నది నేర్పకపోతే ఏడాదికే చేతులు పడిపోతాయి. చేతులు కిందికి వదిలి నిలబడితే పిడికిలి కణుపులు టేబుల్‌కి తగిలే ఎత్తు మామూలు కొలత. లోతుగా నొక్కే డీప్ టిష్యూ మసాజ్‌కి ఇంకాస్త దించుతారు. టేబుల్ ఎత్తు మార్చని, మార్చనివ్వని చోట బాడీ మెకానిక్స్, అంటే ఒంటికి దెబ్బ తగలకుండా పనిచేసే పద్ధతి, నేర్పరని అర్థం. ఇంకో చిన్న గుర్తు: వాడిన టవళ్ళు ఎక్కడ పడేస్తున్నారో చూడండి. నూనె పట్టిన టవళ్ళని డ్రయర్‌లో వేడివేడిగా తీసి కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. ఆ సంగతి తెలిసిన చోట వాటిని విడిగా ఉతికి, చల్లారాకే మడతపెడతారు.

ఇక గోడ మీది ఫ్రేముల సంగతి. ఐఎస్ఓ 9001 అంటే ఆఫీసు నిర్వహణ పద్ధతికి ఇచ్చే సర్టిఫికెట్, కోర్సుకి కాదు. ఉద్యం, అంటే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్, ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా చేసుకోవచ్చు. ట్రస్టుగానో సొసైటీగానో నమోదైతే అది ఆ సంస్థ ఉనికికి రుజువే తప్ప సిలబస్‌కి ఆమోదం కాదు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి "గవర్నమెంట్ రికగ్నైజ్డ్" అని పైన బంగారు అక్షరాలతో రాయిస్తారు. మీరు అడగాల్సినది: సర్టిఫికెట్ ఏ అవార్డింగ్ బాడీ (సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పేరుతో వస్తుంది, దానికి ఎన్‌సీవీఈటీ (వృత్తి శిక్షణని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ మండలి) గుర్తింపు ఉందా, కోర్సు ఏ ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) లెవెల్? స్పా పనికైతే బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ కోర్సులు ఉన్నాయి. ఆ దారిలో పరీక్ష పెట్టేది బయటి అసెస్సర్. మీ ట్రైనరే పరీక్ష పెట్టి, మీ ట్రైనరే మార్కులేసి, అదే సాయంత్రం ప్రింటు తీసి ఇస్తే అది ఎన్‌ఎస్‌క్యూఎఫ్ సర్టిఫికెట్ కాదు. పాత బ్యాచ్ వాళ్ళ సర్టిఫికెట్ ఒకటి చూపించమని దాని మీది క్యూఆర్ కోడ్ మీ ఫోన్‌తో స్కాన్ చేయండి. స్కిల్ ఇండియా డిజిటల్ పోర్టల్ తెరుచుకోవాలి, సైట్ పేరు చివర గవ్ డాట్ ఇన్ (gov.in) ఉండాలి. ఇన్‌స్టిట్యూట్ సొంత వెబ్‌సైట్ తెరుచుకుంటే ఆ కోడ్‌కి విలువ లేదు. ఐటెక్, సిబ్‌టాక్, సిడెస్కో లాంటి విదేశీ పేర్లు చెప్తే ఆ సంస్థల సైట్‌లోని సెంటర్ల జాబితాలో వీళ్ళ పేరు వెతకండి. కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం పీఎంకేవీవై కింద శిక్షణ పూర్తిగా ఉచితం. ఆ పేరు చెప్పి ఫీజు అడిగితే అక్కడితో మాట ఆపేయండి.

అసలు దెబ్బ ఇంటర్న్‌షిప్‌లో తగులుతుంది. కోర్సు రెండో నెల నుంచి విద్యార్థులని యజమాని సొంత స్పాకి పంపుతారు. కస్టమర్ పూర్తి రేటు కడతాడు, మీకు జీతం లేదు, పక్కన ట్రైనర్ ఉండడు. "మూడు నెలలు చేస్తేనే సర్టిఫికెట్" అని అప్పుడు చెప్తారు. చట్టప్రకారం అప్రెంటిస్‌షిప్ అయితే స్టైపెండ్ ఉంటుంది, ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతుంది. ఇంటర్న్‌షిప్ ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో అన్నది ఫీజు రసీదుతో పాటు రాసి తీసుకోండి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, దాని మీద "ఫలానా కోర్సు అడ్మిషన్ కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి తేదీ వేయండి. ఖాళీ బాండ్ పేపర్ మీద, ఖాళీ చెక్కు మీద సంతకం అడిగారంటే వాళ్ళకి కావలసింది విద్యార్థి కాదు, కూలీ.

ఫీజు ఒకేసారి కట్టలేకపోతే "జీరో కాస్ట్ ఈఎంఐ" అంటూ ఫోన్ తీసుకుని ఓటీపీలు కొట్టించేస్తారు. అది ఫీజు వాయిదా కాదు, మీ పేరు మీద లోన్. డబ్బు మొత్తం అప్పుడే ఇన్‌స్టిట్యూట్ ఖాతాలో పడుతుంది. నెల తర్వాత వాళ్ళు తాళం వేసుకుపోయినా మీ ఖాతా నుంచి వాయిదా కోత ఆగదు, ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది. లోన్ ఇచ్చేది ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ), వడ్డీ ఎంత, కూలింగ్ ఆఫ్ (లోన్ వద్దనుకుని బయటపడే) గడువు ఎన్ని రోజులు అన్నది లోన్ వివరాల పత్రం కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. ఆ గడువులోపు అసలు, ఆ కొద్దిరోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. అందుకే ఆ గడువు దాటకముందే టేబుళ్ళ లెక్క తేల్చుకోవాలి.

గల్ఫ్ మాట వస్తే ఇంకో మెలిక. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ కావలసిన రకం) కిందికి వస్తుంది. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌తో పాటు మలేషియా, థాయిలాండ్ కూడా క్లియరెన్స్ కావలసిన దేశాలే. ముప్పై ఏళ్ళు నిండని ఈసీఆర్ మహిళకి అక్కడ ఉద్యోగానికి క్లియరెన్స్ ఇవ్వరు. టెన్త్ తప్పిన ఇరవై రెండేళ్ళ అమ్మాయికి దుబాయ్ ప్లేస్‌మెంట్ అని మాట ఇచ్చేవాళ్ళు విజిట్ వీసా మీద పంపడానికే చూస్తున్నారు. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగలిగిన సర్వీసు చార్జి ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఏజెంట్ పేరు కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. విదేశీ ఉద్యోగాలకి పంపే టామ్‌కామ్ (తెలంగాణ), ఓమ్‌క్యాప్ (ఆంధ్రప్రదేశ్) ప్రభుత్వ సంస్థలే, వాటినీ అడగండి. బ్యాంకాక్‌లో థాయ్ మసాజ్ ఉద్యోగం అన్నది శుద్ధ అబద్ధం, ఆ పని అక్కడ విదేశీయులకి నిషిద్ధం. బ్యాంకాక్‌లోని వాట్ పో మసాజ్ స్కూల్లో అయిదు రోజుల, 30 గంటల కోర్సు చేసి రావచ్చు, మంచిదే. దానితో థెరపిస్ట్ అయిపోయామనుకోకూడదు.

అమ్మాయిలూ, వాళ్ళ తల్లిదండ్రులూ ఒక విషయం విడిగా గుర్తుపెట్టుకోవాలి. ప్లేస్‌మెంట్ ఇచ్చే స్పా పేరు, అడ్రసు చేరకముందే అడగండి, ఒకసారి వెళ్ళి చూడండి. ట్రేడ్ లైసెన్సు గోడ మీద ఉందా, గది తలుపుకి లోపలి గడియ లేకుండా ఉందా, జీతం బ్యాంకులో వేస్తారా లేక "టిప్స్ మీదే బతుకు" అంటారా? జీతం నామమాత్రం, టిప్స్ బ్రహ్మాండం అంటే దాని అర్థం ఏమిటో వివరించక్కర్లేదు. రైడ్ జరిగితే యజమాని కనపడడు, కేసు కాగితాల్లోకి మీ పేరు ఎక్కుతుంది. పది మంది కానీ అంతకు మించి కానీ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉండాలి, ట్రైనీలకీ ఆ చట్టం వర్తిస్తుంది. ఇబ్బంది అనిపిస్తే 181 (మహిళా హెల్ప్‌లైన్) కానీ 112 (అత్యవసర నంబరు) కానీ చేయండి.

ఇప్పటికే డబ్బు కట్టి ఇరుక్కున్నవాళ్ళు ఫోన్లో గొడవపడటం మానేసి కాగితం పెంచుకోండి. ప్రకటన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ వాగ్దానాలు, రసీదు, హాజరు, క్లాసులో టేబుళ్ళ ఫోటో తేదీతో. ఫీజు వాపసు, ఒరిజినల్స్ వాపసు కోరుతూ పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి డెలివరీ రుజువు దాచుకోండి. రసీదు వెనక "నాన్ రిఫండబుల్" అని అచ్చేసినంత మాత్రాన వెనక్కి తగ్గకండి, చెప్పిన సేవ ఇవ్వనప్పుడు ఆ ముద్ర ఒక్కటే వాళ్ళని కాపాడదు. బదులు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే ఆన్‌లైన్‌లో వేయొచ్చు. గడువు రెండేళ్ళు. ఒరిజినల్స్ పట్టుకుని ఇవ్వనంటే కమిషన్ దాకా ఆగకుండా ముందు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు కాపీ మీద ముద్ర వేయించుకోండి.