హైదరాబాద్ – డాలస్: దూరం ఎంత, నిజంగా పట్టే టైం ఎంత

శంషాబాద్ నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్‌కి భూగోళం మీద దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ దారి ఉత్తర ధ్రువానికి కాస్త పక్కగా పోతుంది. కానీ నేరుగా వెళ్లే విమానం లేదు, మధ్యలో ఎక్కడో మారాలి. దుబాయ్ మీదుగా 15,450, దోహా మీదుగా 15,650, లండన్ మీదుగా 15,400 కిలోమీటర్లు అవుతుంది. తేడా గాల్లో ఇరవై నిమిషాలకు మించదు. కాబట్టి దూరం చూసి టికెట్ కొనకండి.

దుబాయ్ దాకా దాదాపు నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డాలస్‌కి పదహారు. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డాలస్–దుబాయ్ గంటకు పైగా తగ్గుతుంది.

టికెట్ మీది టైములు చూసి చాలామంది పొరబడతారు. సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరితే సోమవారం సాయంత్రం 4:30కి దిగుతారని ఉంటుంది. అది పన్నెండున్నర గంటలు కాదు, 23 గంటలు. డాలస్ గడియారం మనకన్నా వెనక ఉంటుంది కాబట్టి వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు కలుపుకోవాలి.

అసలు కష్టం మారే చోట. గంటా ఇరవై నిమిషాల కనెక్షన్లు అమ్ముతూనే ఉంటారు. లెక్క వేయండి: విమానం దిగాక గేటు చేరడానికి పది, పదిహేను నిమిషాలు. దూరంగా ఆపితే బస్సు. మళ్లీ సెక్యూరిటీ లైను. అమెరికా విమానం గేటు దగ్గర ఇంకోసారి పత్రాలు చూస్తారు, పైగా బయల్దేరే టైముకు ఇరవై నిమిషాల ముందే గేటు మూసేస్తారు. మొదటి విమానం అరగంట లేటయితే ఇక అంతే. మూడు గంటలు ఉంటే నిశ్చింత, అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే నాలుగు. వీల్‌చెయిర్ టికెట్‌తోపాటే రాయించండి, కౌంటర్ దగ్గర అడుగుదాంలే అనుకోవద్దు.

పదివేలు మిగులుతాయని రెండు వేర్వేరు టికెట్లు మాత్రం వద్దే వద్దు. ఒకే టికెట్ అయితే కనెక్షన్ తప్పినా తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత విమాన సంస్థది. వేర్వేరు అయితే రెండోది పోయినట్టే, దాంట్లో తిరుగు ప్రయాణం ఉంటే అదీ రద్దవుతుంది. పెట్టెలు కూడా మనమే తీసుకుని మళ్లీ వేయాలి, ఆ బెల్టు ఇమిగ్రేషన్ అవతల ఉంటుంది, ఆ దేశం వీసా లేకపోతే అక్కడికి పోనివ్వరు. పెద్దవాళ్లను ఈ చిక్కులో పడేయడం అన్యాయం.

న్యూయార్క్‌లో మారే టికెట్ చవగ్గా కనిపిస్తుంది. అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు దించుకుని కస్టమ్స్ దాటి మళ్లీ వేయాలి, మళ్లీ సెక్యూరిటీ. దారిలో కొన్న అత్తరు సీసా 100 మిల్లీలీటర్లు దాటితే పెట్టెలు బెల్టు మీద మళ్లీ వేసేలోపే అందులో సర్దేయండి, చేతి సంచిలో ఉంటే తీసేసుకోవచ్చు. ఆవకాయ జాడీ అయితే హైదరాబాద్‌లోనే పెట్టెలో వేయాలి.