నాటకమా, సినిమానా: ఇంగ్లిష్ క్యారెక్టర్ నటుడి ముందున్న రెండు దారులు

నాటకమా, సినిమానా అన్నది ఇంగ్లండులో క్యారెక్టర్ నటులకు తప్పని సందిగ్ధం. దాన్ని ఇంగ్లిష్ నటుడు పీట్ పోసల్‌త్‌వెయిట్ (1946–2011) ప్రస్థానంలో స్పష్టంగా చూడవచ్చు.

రాబడి: నాటకంలో వారానికింత అని జీతం వస్తుంది, ప్రదర్శనలు ముగిస్తే ఆగిపోతుంది. సినిమాలో కొద్ది రోజుల పనికే అంతకు మించి దక్కవచ్చు.

శ్రమ: లివర్‌పూల్ ఎవ్రీమన్ థియేటర్లోనూ, తరువాత రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలోనూ ఆయన చేసినట్లు, నాటకంలో వారాల తరబడి రిహార్సల్స్ చేసి, ప్రతి రాత్రీ పాత్రను మొదటి నుంచి చివరిదాకా మోయాలి. సినిమాలో గంటలకొద్దీ వేచి ఉండి, కథ వరుస తప్పిన ముక్కల్లో అదే భావాన్ని నిలబెట్టాలి. నా దృష్టిలో ఇదే కష్టతరం.

నష్టభయం: వేదికపై తడబాటు ఆ పూటతో పోతుంది. తెరపై అది శాశ్వతం. పైగా ఎడిటింగ్‌లో పాత్రే ఎగిరిపోవచ్చు.

నప్పడం: ఉబ్బెత్తు చెంప ఎముకల ఆ ముఖాన్ని కెమెరా దగ్గరగా పట్టుకుంది కనుకనే, 1993 నాటి ‘ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్’లో అన్యాయంగా జైలుపాలైన తండ్రి పాత్ర ఆయనకు ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. షేక్‌స్పియర్ నాటకంలోని లియర్ రాజు వేషం మాత్రం 2008లో మళ్లీ ఎవ్రీమన్ వేదిక మీదే దక్కింది.

గొంతు, ఊపిరి ఇంకా కుదురుకోవలసిన కొత్త నటుడికి నాటకం మేలు. మాటకన్నా చూపుతో మెప్పించగలిగి, ఇల్లు గడవడమూ ముఖ్యమైనవాడికి సినిమా తగినది. పెద్ద పాత్రల ఆకలి తీరకపోతే, వయసు మళ్లాక కూడా వేదికకు తిరిగి వెళ్లవచ్చు.