పాపతో పరుగా, పాప లేవకముందే పరుగా?

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. పాపకు తొమ్మిదో నెల. ప్రాక్టీసుకు రెండు దారులూ చూశాను.

మొదటిది, తెల్లవారుజామున ఐదింటికి నెక్లెస్ రోడ్డు మీద ఒక్కదాన్నే పరుగు. పాలిచ్చి, పాపను అమ్మ పక్కన పడుకోబెట్టి బయటపడాలి. ఇవ్వకుండా వెళ్తే రెండో కిలోమీటరుకే రొమ్ములు బరువెక్కి సలుపుతాయి. ఇచ్చి వెళ్తే ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, ఫ్లైఓవర్ ఎత్తు కూడా ఆగకుండా ఎక్కేస్తాను. చిక్కల్లా నిద్రతోనే. రాత్రి పాప మూడుసార్లు లేచిన రోజు అలారం మోగితే ఏడుపొస్తుంది.

రెండోది జాగింగ్ స్ట్రోలర్, అంటే పాపను కూర్చోబెట్టి తోస్తూ పరిగెత్తే బండి. పాపకు మెడ, నడుము బాగా నిలిచాక, డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాను. మామూలు బండి పనికిరాదు. పెద్ద చక్రాలు మూడు, భుజాల మీదుగా వచ్చే బెల్టు, మన మణికట్టుకు తగిలించుకునే పట్టీ ఉండాలి. మా కాలనీలో స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు తప్పించుకుంటూ తోస్తుంటే వేగం రాదు. కానీ చెట్టు మీద కాకిని చూసి పాప రెండు చేతులూ చాపుతుంది చూడండి, ఆ రోజు టైమింగ్ గుర్తుండదు.

హాఫ్ మారథాన్‌కైతే, అంటే సుమారు ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకైతే, నా ఓటు మొదటిదానికే. అమ్మ ఊరెళ్లిన వారం మాత్రం బండి బయటికి తీస్తాను.