పిల్లల కోసం పాత ఫాంటసీ, గేమ్ పుస్తకాలు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

పాత పుస్తకం చేతికి రాగానే అందరూ ముందు అట్ట చూస్తారు. ఫాంటసీ గేమ్ పుస్తకాల విషయంలో ఆఖరున చూడవలసింది అదే. మా ఇంట్లో ఇద్దరు పిల్లలకూ కొన్నేళ్లుగా ఇలాంటివి దాదాపు అన్నీ సెకండ్ హ్యాండ్‌లోనే కొంటున్నాం. అట్ట చిరిగి, మూలలు నలిగి వచ్చినవాటితో ఇప్పటికీ ఆడుకుంటూనే ఉన్నారు. కొత్తదానిలా మెరుస్తూ వచ్చి, మధ్యలో ఒక్క కాగితం లేనందుకు మూలన పడినవీ ఉన్నాయి. ఈ రకం పుస్తకానికి నేను పెట్టే పరీక్షలు రెండే: పూర్తిగా ఉందా, ఏ కూర్పు?

ముందు పాచికలతో ఒంటరిగా ఆడుకునే కథల పుస్తకాల సంగతి. పాతవి కొనడానికి వీటిని మించినవి లేవని నా అభిప్రాయం. వీటిలో బాగా పేరున్నది ఫైటింగ్ ఫాంటసీ వరుస. బ్రిటన్‌లో పఫిన్ సంస్థ 1982లో మొదటి పుస్తకం తెచ్చి, 1995 వరకు 59 పుస్తకాలు వేసింది. చాలావాటిలో కథ 400 ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్కకూ ఒక అంకె. చదివేవారే కథానాయకులు. తలుపు తెరిస్తే ఫలానా అంకెకు వెళ్లు, వెనక్కి తిరిగితే మరో అంకెకు వెళ్లు అంటూ ముక్క ముగుస్తుంది. రెండు పాచికలు, ఒక పెన్సిల్, ఒక రబ్బరు ఉంటే చాలు. ఒక పాచిక వేసి ఆరు కలుపుకుంటే నైపుణ్యం, రెండు వేసి పన్నెండు కలుపుకుంటే శరీరబలం. కూడికలు, తీసివేతలు చెయ్యమంటే ముఖం ముడిచే మా వాడు రాక్షసితో పోరాటంలో మాత్రం క్షణంలో లెక్క తేలుస్తాడు.

మామూలు నవలలో ఒక కాగితం పోయినా జరిగింది ఊహించుకుని ముందుకు సాగవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఒక కాగితం ఊడితే రెండు వైపులా కలిపి నాలుగైదు ముక్కలు పోతాయి. కొన్ని పుస్తకాల్లో గెలిచే దారి ఒకటే ఉంటుంది, అది ఆ కాగితం మీదుగా వెళ్తే ఎన్నిసార్లు ఆడినా గెలుపు లేదు. పిల్లవాడు గంటసేపు కష్టపడి 233 దాకా వచ్చి, ఆ అంకె పుస్తకంలోనే లేదని తెలుసుకున్నప్పుడు వాడిని ఓదార్చడం తేలిక కాదు. అందుకే అమ్మేవారు ‘మంచి స్థితి’ అని రాస్తే దానికి నేను విలువ ఇవ్వను. వాళ్లు చూసేది మరకలు, మడతలు. ఒకటి నుంచి చివరి దాకా అంకెలు వరుసగా ఉన్నాయో లేదో తిరగేసి చెప్పమంటాను. చాలామంది విసుక్కోకుండా చూసి చెబుతారు. విసుక్కునేవారి దగ్గర కొనను.

పుస్తకం మొదట్లో బలం, నైపుణ్యం, సామాను రాసుకునే పట్టిక ఒకటి ఉంటుంది. పాత ప్రతుల్లో అది ఖాళీగా దొరకడం అరుదు. మాకు వచ్చిన ఒకదానిలో 19 కొట్టేసి 17, అది కొట్టేసి 13, చివరికి 2 దగ్గర పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కారంటే వెనక పేజీలో కూడా గాడి తగులుతుంది. లోపల ఒక అంకె పక్కన మార్జిన్‌లో చిన్న పుర్రె బొమ్మ. మా వాడు ఆ పుర్రె చూసి దారి మార్చుకుని బతికి బయటపడ్డాడు. అలా తప్పించుకోవడం చెల్లదని వాళ్ల అక్క తగవు పెట్టుకుంది. పెన్సిల్ గీతలు మెత్తని తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్దితే పోతాయి, ఒకే దిశలో రుద్దాలి, లేకపోతే పాత కాగితం చిరుగుతుంది. పెన్నుతో రాసినవి మాత్రం ఎక్కడికీ పోవు. దారులన్నీ పెన్నుతో గుర్తుపెట్టిన పుస్తకం ఉచితంగా ఇచ్చినా దండగే. పట్టికను ముందే జిరాక్స్ తీసి పెట్టుకుంటే తరువాతి పిల్లలకూ పనికొస్తుంది.

వెన్ను విరగడం ఈ పుస్తకాలకు తప్పదు. ప్రమాదం అనిపించిన చోట వెనక్కి రావడానికి పిల్లలందరూ పాత పేజీలో వేలు పెట్టుకునే ముందుకు వెళ్తారు. ఒక్కోసారి మూడు వేళ్లు మూడు చోట్ల ఉంటాయి. కుట్టు లేకుండా జిగురుతో అంటించిన పుస్తకం అంతకు తట్టుకోదు. వదులైన కాగితాలను సెల్లోటేపుతో అతికించకండి. కొన్నాళ్లకు అది పచ్చబడి, జిగురు పక్క పేజీకి అంటుకుంటుంది. పుస్తకాలు అతికే తెల్ల జిగురు సన్నగా రాసి, రాత్రంతా బరువు కింద పెడితే సరిపోతుంది.

వరుస సంఖ్య చూసి కొనడం ఇంకో చిక్కు. ఇవే పుస్తకాలను 2002 నుంచి ఒక సంస్థ, 2017 నుంచి మరో సంస్థ మళ్లీ వేశాయి. ఇద్దరూ వరుస మార్చేశారు. వెన్ను మీది అంకె కాకుండా పేరు చూసి కొంటే ఒకే కథ రెండుసార్లు ఇంటికి రాదు. ఏ కథకు ఆ కథే కాబట్టి వరుసగా లేకపోయినా నష్టం లేదు. అన్నట్టు, ఈ వరుసను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరి పేరు స్టీవ్ జాక్సన్. అదే పేరున్న అమెరికా రచయిత ఇంకొకరు ఉన్నారు. ఆయన కూడా ఇదే వరుసలో కొన్ని రాశారు, పైగా సొంతంగా ఆటల సంస్థ పెట్టారు. రచయిత పేరుతో వెతికితే ఎందుకు తలనొప్పి వస్తుందో ఇప్పుడు తెలిసింది కదా.

1984లో మొదలైన లోన్ వుల్ఫ్ వరుస దీనికి భిన్నం. అందులో నాయకుడు నేర్చిన విద్యలు, సంపాదించిన వస్తువులు తరువాతి పుస్తకానికి వెంట తెచ్చుకోవచ్చు. కాబట్టి మొదటిది లేకుండా నాలుగోది కొంటే సగం సరదా పోతుంది. పాచికల బదులు వెనక పేజీల్లో అంకెల పట్టిక ఉంటుంది, కళ్లు మూసుకుని పెన్సిల్ మొన పెట్టాలి. సరిగ్గా ఆ చివరి పేజీలే పాత ప్రతుల్లో ముందు ఊడిపోతాయి. దిగులు పడనవసరం లేదు. రచయిత జో డెవర్ అనుమతితో ప్రాజెక్ట్ ఆన్ అనే స్వచ్ఛంద బృందం ఈ పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది, పోయిన పట్టిక అక్కడ దొరుకుతుంది. ఇంకా చిన్న పిల్లలకైతే పాచికలు, లెక్కలు లేకుండా దారి ఎంచుకుంటూ పోయే పుస్తకాలు మేలు. 1979లో బాంటమ్ సంస్థ మొదలుపెట్టిన ఆ రకం పాత ప్రతులు తేలిగ్గానే దొరుకుతాయి.

ఒక్క హెచ్చరిక. 1980ల నాటి బొమ్మలు కొన్ని నిజంగా భయంకరంగా ఉంటాయి. మా అమ్మాయి వాటిని చూసి గీసుకునేది, మా వాడు ఆ పేజీలకు క్లిప్పు పెట్టి మూసేసేవాడు. ఇచ్చే ముందు మీరు ఒకసారి తిరగేయండి.

ఫాంటసీ నవలల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మొదటి సంపుటాలు కుప్పలుగా దొరుకుతాయి, ఆఖరివి దొరకవు. వరుస అంతా ఒకేచోట అమ్మేవారి కోసం ఆగడం మంచిది. గ్రంథాలయాలు తీసేసిన ప్రతులు ముద్రలతో అందవికారంగా ఉన్నా, ప్లాస్టిక్ తొడుగు ఉంటే మిగతావాటికంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. బూజు వాసన ఉంటే మాత్రం ఎంత అరుదైనదైనా వద్దు. అది పక్క పుస్తకాలకూ పాకుతుంది.

వీడియో గేమ్‌ల మార్గదర్శక పుస్తకాలు పాతవి కొనడం నా దృష్టిలో వృథా. మైన్‌క్రాఫ్ట్‌నే తీసుకోండి. పాత పుస్తకాలు వజ్రాల కోసం 11వ మట్టం దగ్గర తవ్వమంటాయి. 2021 చివర్లో వచ్చిన 1.18 మార్పుతో ఆ లోకం అడుగుభాగం మైనస్ 64వ మట్టం దాకా దిగిపోయింది. ఇప్పుడు వజ్రాలు ఎక్కువగా దొరికేది మైనస్ 59 ప్రాంతంలో. మా వాడు పుస్తకం పక్కన పెట్టుకుని 11 దగ్గర సొరంగాలు తవ్వీ తవ్వీ, చివరికి పుస్తకం అబద్ధాలకోరని తేల్చాడు. ఆటల పుట్టుక, తయారీ గురించి చెప్పే బొమ్మల పుస్తకాలైతే వేరు, వాటికి కాలదోషం అంత త్వరగా పట్టదు.

ఇక డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల పుస్తకాలు. కొందరు కలిసి కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట ఇది. డబ్బు ఎక్కువ పోయేదీ, మోసపోయేదీ ఇక్కడే. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే ఒకే పేరుతో 2000లో మూడో కూర్పు, 2003లో దాని సవరణ, 2008లో నాలుగోది, 2014లో అయిదోది, 2024లో మళ్లీ సవరించినది వచ్చాయి. అమ్మేవారు పెట్టిన ఫొటో చాలాసార్లు వాళ్ల దగ్గరున్న ప్రతిది కాదు, ఎక్కడినుంచో తీసుకున్నది. అట్ట కాకుండా కాపీరైట్ పేజీ ఫొటో అడగండి. సంవత్సరం, ఐఎస్‌బీఎన్ అనే పుస్తకపు గుర్తింపు సంఖ్య రెండూ అక్కడే ఉంటాయి. 2007కు ముందు ఆ సంఖ్యలో పది అంకెలే ఉండేవి, అదొక తేలికైన గుర్తు. ఈ ఆటలో నడిపించే సాహసకథల పుస్తకాలైతే విడిగా మడిచిపెట్టిన మ్యాపు ఉందో లేదో, పెట్టెలో వచ్చే సెట్లైతే పాచికలు, పాత్రల వివరాలు రాసుకునే కాగితాలు ఉన్నాయో లేదో కనుక్కోవాలి. రాక్షసుల వివరాలుండే మాన్‌స్టర్ మాన్యువల్ మాత్రం ఏ కూర్పుదైనా నష్టం లేదు. ఆట ఆడకపోయినా పిల్లలు బొమ్మల పుస్తకంలా నెలల తరబడి చదువుకుంటారు.

డబ్బు పెట్టకముందే అభిరుచి ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే, ప్రాథమిక నియమాలను ప్రచురణకర్తలే ఉచితంగా ఇస్తున్నారు. మేము కొన్నాళ్లు వాటితోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు మా అమ్మాయి తన స్నేహితులకు డంజన్ మాస్టర్, అంటే కథ చెబుతూ ఆట నడిపించేది తనే. తన దగ్గరున్నవి 2014 నాటివి, ఇద్దరి దగ్గర 2024వి. మంత్రాల దగ్గర మాట తేడా వచ్చి మొదట్లో గొడవపడ్డారు. తరువాత అందరూ ఒకే నియమాల పుస్తకం, అదీ ఎక్కువమంది దగ్గరున్నది పాటించాలని ఒప్పందం చేసుకున్నారు. పాత సాహసకథలు కొత్త నియమాలతోనూ నడుస్తాయి కాబట్టి వాటిని పారేయనవసరం రాలేదు. కొత్తవాటికి మారినవాళ్లు అమ్మేస్తుండటంతో 2014 నాటి ప్రతులు నాకు ఈమధ్య మంచి స్థితిలో తరచుగా కనిపిస్తున్నాయి. మీ పిల్లల జట్టు ఇంకా ఏ కూర్పులోనూ స్థిరపడకపోతే ముందు వాటికోసం వెతకండి.