దవడకు సీబీసీటీయా, ఆసుపత్రి సీటీయా: రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే

మా నాన్నగారి కింది దవడలో, ఎముకలో ఇరుక్కుపోయిన జ్ఞానదంతం చుట్టూ నీటి సంచి ఏర్పడి ఉండవచ్చని ఓపీజీ (రెండు దవడలూ ఒకే బొమ్మలో కనిపించే ఎక్స్‌రే) చూసిన పళ్ళ డాక్టరు అనుమానించారు. దాంతో మొదట అమీర్‌పేటలోని ఒక దంత స్కానింగ్ కేంద్రంలో సీబీసీటీ (కోన్ బీమ్ సీటీ, అంటే పళ్ళకూ దవడలకూ తీసే త్రీడీ ఎక్స్‌రే స్కాన్), ఆ తరువాత సర్జన్ సలహా మీద ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో కాంట్రాస్ట్ (కణజాలాలు స్పష్టంగా తేలేందుకు ఎక్కించే మందు) ఇచ్చి సీటీ తీయించాము.

సీబీసీటీలో ఎక్స్‌రే కిరణాలు శంకువు ఆకారంలో వెలువడి, యంత్రం తల చుట్టూ ఒక్కసారి తిరిగేసరికే పని పూర్తవుతుంది. దవడలో చిన్న భాగానికే పరిమితం చేసి తీస్తే వాక్సెల్, అంటే బొమ్మలోని అతి చిన్న ఘనం, 0.1 మి.మీ. కన్నా తక్కువకు కూడా దిగుతుంది. ఆసుపత్రి సీటీలో సాధారణంగా అతి సన్నని స్లైస్ మందమే 0.5 నుంచి 0.625 మి.మీ. ఉంటుంది. ఈ తేడా తెర మీద దాగలేదు: పంటి వేరు చుట్టూ, దాన్ని ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్ ఉండే సన్నని నల్లని గీత, దవడ నరం వెళ్ళే కాలువ తెల్లటి అంచు, ఆ కాలువ జ్ఞానదంతం వేరును ఒరుసుకుని పక్కకు ఒంగిన తీరు సీబీసీటీలో విడివిడిగా కనిపించగా, సీటీలో అదే అంచు కాస్త అలికినట్లు ఉంది.

అలాగని వాక్సెల్ అంకెను చూసి మురిసిపోనక్కరలేదు. అది సెల్‌ఫోన్ కెమెరా మెగాపిక్సెళ్ళ వంటిదే. వాక్సెల్ చిన్నదయ్యేకొద్దీ, రేడియేషన్ పెంచకపోతే, బొమ్మలో గరుకుదనం పెరుగుతుంది. పైగా స్కాన్ సాగే ఆ కొన్ని సెకన్లలో మనిషి కదిలితే అంత సూక్ష్మతా వృథా. అక్కడి టెక్నీషియన్ గడ్డాన్ని ఆనించి, పళ్ళ మధ్య పుల్ల కరిపించారే గాని గుటక వేయవద్దని చెప్పలేదు. ఫలితంగా దవడ అంచు రెండు గీతలుగా వచ్చింది. “అంకుల్, ఈసారి గుటక మింగకండి” అంటూ మళ్ళీ తీశారు. అనవసరంగా రెండోసారి రేడియేషన్ తగిలినట్లే కదా.

ఇక మెత్తని కణజాలం విషయంలో సీబీసీటీ చేతులెత్తేసింది. చెదిరిన కిరణాలు ఎక్కువగా డిటెక్టర్‌ను చేరడం వల్ల కండరమూ, ద్రవమూ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. ఆ బూడిద విలువలను ఎముక సాంద్రతకు కొలతగా నమ్మలేము. ఆసుపత్రి సీటీలో నీటికి సున్నా, గాలికి మైనస్ 1000 అంటూ సాంద్రతను అంకెల్లో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలమానం స్థిరంగా ఉంటుంది. సంచి గోడ నాలుక వైపు ఎముకను తొలుచుకుని కండరంలోకి చొరబడిందా అన్న సర్జన్ సందేహానికి జవాబు అందులోనే దొరికింది. లోహపు క్యాప్ ఉన్న పంటి పక్కన నల్లని చారలు మాత్రం రెండింటిలోనూ తప్పలేదు.

జ్ఞానదంతం, ఇంప్లాంట్, రూట్ కెనాల్ వంటి పనులకు నేను సీబీసీటీకే ఓటు వేస్తాను. దానిలో రేడియేషన్ కూడా సాధారణంగా తక్కువ. అయితే ఒక్క పంటి కోసం రెండు దవడలూ తీయవద్దని ముందే చెప్పాలి. వాపు ఎముక దాటిందన్న అనుమానముంటే ఆసుపత్రి సీటీయే తగినది. ఎక్కడ తీయించినా మెరిసే ఫిల్మ్‌తో, వాట్సాప్ ఫోటోలతో సరిపెట్టుకోకుండా డైకామ్ ఫైళ్ళు (స్కాన్ అసలు డిజిటల్ రూపం) ఉన్న సీడీ అడగండి. అమీర్‌పేటలో మాకు అడిగాకే ఇచ్చారు. సర్జన్ కొలతలన్నీ దాని నుంచే తీసుకున్నారు.