రేడియేటర్ ప్రెజర్ టెస్టర్ కిట్: డీజిల్ బండికి ఎంతవరకు పనికొస్తుంది?

చేతిపంపు, గేజ్, రకరకాల అడాప్టర్లు. కిట్‌లో ఉండేది ఇంతే. కానీ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎటు పోతుందో తెలియనప్పుడు ఇంతకు మించిన పనిముట్టు లేదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. కూలెంట్ నింపి, అడాప్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి (సాధారణంగా 0.9 నుంచి 1.4 బార్) వరకే పంపు కొట్టాలి. దాటితే పాత హోసులు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకులు పగులుతాయి. పదిహేను నిమిషాలు ఆగండి. గేజ్ ముల్లు దిగితే హోసుల క్లిప్పులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం, కేబిన్ కార్పెట్ తడి చూడాలి. బయట చుక్క లేకుండానే దిగుతుంటే ఈజీఆర్ కూలర్‌నో (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లార్చే భాగం), హెడ్ గాస్కెట్‌నో (ఇంజిన్ బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే ముల్లు పైకి ఎగబాకితే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి చొరబడుతున్నట్టే. వెంటనే ఆపి ఒత్తిడి వదిలేయండి.

చౌక కిట్ల అసలు లోపం అడాప్టర్ వాషర్లు. అవే లీకై బండి మీద నింద వేస్తాయి! ముందు సబ్బునీళ్లు రాసి చూడండి. మూతను పరీక్షించే అడాప్టర్ లేని కిట్ మాత్రం కొనొద్దు.